వరండాలోంచి విన్న సినిమా

నేను తెలివితక్కువవాణ్ణని ఒప్పుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. ఎంత తెలివితక్కువవాణ్ణో చెప్పడానికే కాస్త సిగ్గు. ఎందుకంటే నేను ఫిజిక్సు చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి. తాడేపల్లిగూడెంలో ఒక జూనియర్ కాలేజీలో, నల్లబల్ల మీద రెండు గాజుగొట్టాలు గీసి, అడుగున వాటిని ఒక సన్నటి దారితో కలిపి, "ఇటు పోసిన నీళ్లు అటు వెళ్లకుండా ఉండవు నాయనా" అని ఏటేటా చెప్పాను. అలా చెప్పిన నోటితోనే ఒక సాయంత్రం పాసింజరు దిగి ఏలూరులో ఇంటికొచ్చి, మా ఆవిడకి పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన పెదపాడు పొలాన్ని చేపల చెరువుకి కౌలుకిచ్చేద్దామన్నాను. గట్టుకి ఇవతల ఆ పొలం. గట్టుకి అవతల మా ఆవిడ అన్నగారి వరిచేను.

మా వైపు చేపల చెరువంటే గొయ్యి కాదు. చుట్టూ ఎత్తుగా గట్లు పోసి నీళ్లు నిలబెడతారు. ఆ నీళ్లు పక్క చేనుకంటే ఎత్తులో ఉంటాయి. ఎత్తున నీళ్లు, కింద చేను, మధ్యలో మట్టి. అచ్చంగా నా నల్లబల్ల మీది బొమ్మే. అయినా నాకు తట్టలేదు. బల్ల మీది నీళ్లతోనే నాకు పరిచయం. నేల మీది నీళ్లు నన్నెప్పుడూ పలకరించలేదు.

మొదటి ఏడే ఊట దిగింది. గట్టు వెంబడి వరి పచ్చబడాల్సిన చోట పసుపు రంగు తిరిగి, వేళ్లు కుళ్లి, మనిషి చెయ్యి వేస్తే దుబ్బుకి దుబ్బు ఊడి వచ్చేదట. ఒకరోజు మా బావగారు, అంటే మా ఆవిడ అన్నగారు, ఏలూరు వచ్చారు. అంతవరకూ ఆయన నన్ను "బావగారూ" అనేవారు, నేనూ ఆయన్ని "బావగారూ" అనేవాణ్ణి. మా మధ్య అంతకుమించి మాటలు అవసరం పడేవి కావు. ఆ రోజు ఆయన సంచీలోంచి కుళ్లిన వరిదుబ్బు తీసి మా టీపాయి మీద పెట్టి, నిలబడే అడిగారు.

"మాస్టారూ, ఇదేవిటో కాస్త చెప్తారాండీ?"

"మాస్టారూ" అన్నప్పుడే నేను నోరు మూసుకోవలసింది. కానీ ప్రశ్న వినపడితే జవాబు చెప్పడం నా వృత్తిరోగం.

"ఊటేనండి. మట్టిలో సన్నటి సందులుంటాయి కదండీ, వాటి గుండా నీరు పాకుతుందండి. దాన్ని కేశనాళికీయత అంటారండి."

"ఏవంటారండీ?"

"కేశనాళికీయత."

"పేరు బావుందండి," అన్నారాయన నెమ్మదిగా. "మా చేను ఏ జబ్బుతో పోయిందో పేరైనా తెలిసింది."

మా ఆవిడ కాఫీ తెచ్చేలోపే వెళ్లిపోయారు. చెల్లెలింట్లో కాఫీ ముట్టకుండా లేచిపోవడమంటే మా వైపు మామూలు విషయం కాదు. అరుపులూ కేకలూ ఉండవు. అండీలు తగ్గవు. మనిషి మాత్రం గుమ్మం దాటి లోపలికి రావడం మానేస్తాడు, అంతే. ఆవిడ ఆ కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడింది. నా జీవితంలో బోధకీ బాధకీ పెద్ద తేడా లేదని నాకు ఆ రోజే తెలిసింది. వరి పోయి వైరం మొలిచింది. ఊట ఆగలేదు, మాట ఆగింది.

కౌలు రద్దు చేసుకుందామని వెళితే కౌలుదారు "చేపపిల్ల వదిలేశామండీ, ఇప్పుడెలాగండీ" అని మర్యాదగా నవ్వాడు. చెరువుల మధ్య చిక్కిన వరి బతకదు. బావగారు ఇంకో పంట చూశారు, మరో పంట చూశారు. చివరికి తన చేనుని కూడా చెరువు తవ్వించేశారు. తవ్వే మిషను వచ్చిన రోజు ఆయన అటు వెళ్లలేదట. ఇంట్లో అటు తిరిగి పడుకున్నారట. ఈ సంగతి మా ఆవిడ నాకు చెప్పి, నా మొహం చూడకుండా బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఆ బియ్యం కొట్లో కొన్నవి. వాళ్ల చేను గింజలు మా ఇంటికి రావడం అంతకుముందే ఆగిపోయింది.

చెరువులో మొదటిసారి చేపలు పట్టినప్పుడు బావగారు చెల్లెలికి ఒక పెద్ద శీలావతి చేపని బస్సులో పంపించి, ఫోను చేశారు. ఫోను స్పీకర్లో ఉందని ఆయనకి తెలుసో తెలియదో నేనిప్పటికీ చెప్పలేను.

"అమ్మాయ్, నడుం ముక్కలు నువ్వు తిను. తోక ముక్క మాస్టారికి పెట్టు. ముళ్లు తియ్యకు."

శీలావతి తోకలో ముళ్లు ఎలా ఉంటాయో గోదావరి జిల్లాలవాళ్లకి చెప్పనక్కర్లేదు. సన్నగా, చీలికలు చీలికలుగా, మాంసం రంగులోనే ఉండి, నాలుకకి తగిలేదాకా కనపడవు. మా ఆవిడ నవ్వుతూ తోక ముక్క నా కంచంలో వేసింది. ముళ్లు తీసే వేసింది, కానీ ఆ సంగతి అన్నకి చెప్పలేదు. అప్పట్నుంచీ ప్రతి పట్టుబడికీ ఒక చేప, ప్రతి చేపకీ అదే కబురు. అలా కొన్నేళ్లు మా బంధుత్వం తోక పట్టుకుని ఈదింది.

ఇక సినిమా సంగతి.

పెళ్లైన కొత్తలో ఒక ఆదివారం ఇద్దరం తాడేపల్లిగూడెంలో ఎవరింటికో భోజనానికి వెళ్లి, తిరుగు ట్రైనుకి ఇంకా టైముందని, పైగా వాన మొదలైందని, దగ్గర్లో ఉన్న హాల్లోకి దూరాం. అది ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చిన సినిమా. మనవాళ్లు దానికి పెట్టిన పేరులో రక్తమూ ఉంది, పిశాచమూ ఉంది. సినిమాలో రెండూ లేవు. రక్తం కోసం వచ్చినవాళ్లు విశ్రాంతికే లేచిపోయారు, పిశాచం కోసం వచ్చినవాళ్లు ఆ తరవాత లేచిపోయారు. వాన కోసం వచ్చినవాళ్లమే మిగిలాం. ఆ సినిమా గురించి ఎవరైనా రాయగా నేను చదవలేదు, ఎవరైనా మాట్లాడుకోగా వినలేదు.

కథ చిన్నది. ఎక్కడో ఆకాశంలో రెండు జాతుల మధ్య యుద్ధం. గాలీ వానా లేని ఒక ఉపగ్రహం మీద ఒక మనిషీ, ఒక శత్రుజాతివాడూ చిక్కుకుపోతారు. ఉన్నది ఒకటే గది. గదిలో గాలి అయిపోతూ ఉంటుంది. తీరా చూస్తే ఈ మనిషి వదిలిన గాలి వాడు పీల్చేది, వాడు వదిలిన గాలి ఈ మనిషి పీల్చేది. ఒకణ్ణొకడు చంపుకోవడానికి వచ్చినవాళ్లు, ఒకడు పోతే రెండోవాడు సాయంత్రానికి పోతాడని తెలుసుకుని ఎదురెదురుగా రెండు పీటల మీద కూర్చుంటారు. ఇష్టం ఉండి కాదు. ఊపిరి కోసం.

ఆ శత్రుజాతివాడికి మెడ దగ్గర మొప్పలు పెట్టారు. మొహం నల్లగా, నున్నగా, నోరు వెడల్పుగా. "ఏవండీ, అచ్చం మన కొరమీనులా ఉన్నాడండీ," అంది మా ఆవిడ చీకట్లో నా చెవిలో. ఆవిడ చిన్నప్పుడు కొల్లేటికోటలో అమ్మమ్మగారింట్లో పెరిగింది. కొరమీనుల మీద ఆవిడది చివరిమాట. ఆ కొరమీను ఒక సందర్భంలో చెయ్యి పైకెత్తి, పౌరాణిక నాటకంలోలాగా, "నీ నిశ్వాసమే నా ఉచ్ఛ్వాసము, ఓ శత్రువా!" అన్నాడు. హాల్లో మిగిలిన నలుగురం నవ్వాం. నవ్వి అందరం మర్చిపోయాం, మా ఆవిడ తప్ప. మర్నాడు పొద్దున్న ఆవిడ నా ముందు గ్లాసు పెట్టి అంది కదా:

"ఓ శత్రువా, కాఫీ!"

అప్పట్నుంచీ మా ఇంట్లో అదే నా పేరు. "ఓ శత్రువా, తువ్వాలు తీసుకెళ్లలేదు." "ఓ శత్రువా, పాలవాడు పిలుస్తున్నాడు." ఎవరైనా వచ్చినప్పుడు ఏవండీ, ఎవరూ లేనప్పుడు శత్రువు. మాకు పిల్లల్లేరు కాబట్టి ఇంట్లో ఎక్కువ రోజులు నేను శత్రువునే.

హాల్లో ఆ రోజు సినిమా చివరికొచ్చింది. రెండు జాతుల ఓడలూ ఒకేసారి దిగుతున్నాయి. నేను గడియారం చూసుకుని లేచాను.

"ఇంకొంచెమే ఉందండీ."

"ట్రైను పోతుంది. అయినా గాలిలేని చోట అంత చప్పుడు ఎలా వినపడుతుంది? అంతా బూటకం."

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేశాను. ట్రైను ఆలస్యం. మిగిలిన సినిమా నాలుగుసార్లు చూసి రాగలిగినంత సేపు ప్లాట్‌ఫాం మీద బెంచీలో కూర్చున్నాం. ఆవిడ వేరుశనక్కాయలు వలిచి నా చేతిలో పెట్టింది.

చాలా ఏళ్లకి అదే సినిమా మధ్యాహ్నాలు టీవీలో రావడం మొదలైంది. ఆవిడ ముగింపు చూసేసింది. నాకు మాత్రం ఎప్పుడూ కుదరలేదు. కుదరలేదంటే, కుదరనివ్వలేదు. ప్రతిసారీ ఏదో ఒక చోట శాస్త్రం అడ్డొచ్చేది. "ఒకడు వదిలింది ఒకడు పీల్చి బతకడమేవిటి, అర్థం ఉందా?" అనేవాణ్ణి. "మరి చెట్లూ మనవూ చెయ్యట్లేదాండీ?" అనేది. నేను లేచి వెళ్లిపోయేవాణ్ణి.

నేను చూడని ఒక సంగతి ఆవిడే చూపించింది. మొదట్లో ఆ ఇద్దరూ గది మధ్యన బొగ్గుతో ఒక గీత గీసుకుంటారు. ఇటు నాది, అటు నీది. "ఆ గీత ఎప్పుడు చెరిగిపోయిందో చూశారా?" అని అడిగింది ఒకసారి. నేను చూడలేదు. "సినిమాలో ఎక్కడా చూపించడండీ. ఎవరూ చెరపరు. ఇటూ అటూ తిరిగి తిరిగి కాళ్ల కింద పోతుంది. మనకి ఎప్పుడో గుర్తొచ్చి చూస్తే ఉండదు." ఇంత మంచి సంగతి ఒక సినిమాలో ఉండి, దాన్ని ఏలూరులో ఒక్క మా ఆవిడే చూసిందంటే, ఆ తీసినవాడి దురదృష్టానికి నేనిప్పుడు బాధపడుతున్నాను. అప్పుడు పడలేదు.

"ముగింపేవిటో చెప్పు, పోనీ," అనేవాణ్ణి.

"మీరు కూర్చుని చూస్తే గదా!"

అంతే. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. తరవాత్తరవాత ఆ మాటకి ఒక షరతు చేరింది. "మీరూ అన్నయ్యా కలిసి కూర్చుని చూస్తే గదా!" అదెప్పటికీ జరగదని నాకు ధైర్యం.

ఆవిడకి జబ్బు చేసింది. కడుపులో మొదలైంది. దాని పేరు కూడా నాకు తెలుసు, కానీ పేర్లు చెప్పడం నేను మానేశాను. ఆస్పత్రివాళ్లు ఇంక ఇంటికి తీసుకెళ్లమన్నారు. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశాం. ఒకరోజు జావ తాగుతూ అంది:

"ఈ ఆదివారం మధ్యాహ్నం అన్నయ్యని రమ్మన్నాను. వస్తానన్నాడు. సినిమా చూద్దాం, ముగ్గురం."

"వస్తే రమ్మను," అన్నాను.

"మీరు పిలవాలండీ. గుమ్మంలోకి వెళ్లి, రండి బావగారూ, అనాలి. నాకింకేం వద్దు."

ఆవిడకింకేం వద్దు. నన్ను ఏనాడూ ఏమీ అడగని మనిషి అడిగింది ఆ రెండు మాటలు.

ఆదివారం ఆయన వచ్చారు. వీధిలో ఆయన చెప్పుల చప్పుడు నాకు తెలుసు. వరండాలో ఆగారు. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను లోపలి గదిలో పరీక్ష పేపర్లు ముందేసుకుని ఉన్నాను. మధ్యలో, ముందు గదిలో, మంచం మీద మా ఆవిడ. ఆవిడకి ఇద్దరమూ కనపడతాం, మాకు మేం కనపడం.

"ఏవండీ, అన్నయ్య వచ్చాడండీ."

"ఆయన చెల్లెలి ఇల్లు. రావడానికి ఆయనకి పిలుపేవిటి?" అన్నాను వరండాకి వినపడేలా.

"ఇంటాయన పిలవకుండా ఎలా వస్తానమ్మా లోపలికి?" అన్నారాయన పేపర్లకి వినపడేలా.

నేను లేవాలనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఈ పేపరు అయ్యాక లేద్దామనుకున్నాను. ఆయన "బావగారూ" అని ఒక్క కేక వేస్తే వెళదామనుకున్నాను. ఆయన వరండాలో అదే అనుకుంటున్నారని ఇప్పుడు తెలుసు. మా వైపు మనుషులం పిలుపు దగ్గర చాలా పట్టుదల గలవాళ్లం. పిలిస్తే పీకల్లోతు నీళ్లలోనైనా వస్తాం. పిలవకపోతే గుమ్మం ఎక్కం.

ఆవిడ కాసేపు ఇటూ అటూ చూసి నవ్వింది. అన్నకి వదినమ్మ చేతి కాఫీ కావాలా, చెల్లెలి చేతిది కావాలా అని హాస్యమాడింది. పక్కింటావిడ చేత కాఫీ వరండాలోకి పంపించింది. ఆయన తాగారు. బయట తాగితే లోపల తాగినట్టు కాదు కాబట్టి తాగారు. తరవాత ఆవిడ లాప్‌టాప్‌లో సినిమా పెట్టి, సౌండు పూర్తిగా పెంచింది.

"ఇద్దరూ చూడకపోతే పీడా పోయె. వినండి."

వినిపించింది. మాటలు సినిమాలోవాళ్లు చెప్పేవారు, బొమ్మ ఆవిడ చెప్పేది, రేడియోలో క్రికెట్టు చెప్పినట్టు. "ఇదిగో, ఇప్పుడు గీత గీస్తున్నాడన్నయ్యా... కొరమీను లేచాడు... మనిషికి నిద్ర పట్టట్లేదండీ, వాడి వైపే చూస్తున్నాడు... అన్నయ్యా, వాడికి జ్వరం వచ్చింది, వీడు లేచి దుప్పటి కప్పాడు, చూశావా?" వరండాలోంచి "ఊఁ" అని వినపడింది. నేను ఊకొట్టలేదు. పేపరు మీద ఎర్రపెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం నేను దిద్దిన పేపర్లలో ఎవరికెన్ని మార్కులు వేశానో దేవుడికి తెలియాలి.

పోనుపోను ఆవిడ గొంతు నెమ్మదించింది. మాటకీ మాటకీ మధ్య ఎడం పెరిగింది. "ఇప్పుడు... కాళ్ల కింద చూడండీ... గీత..." అని ఆగిపోయింది. వెళ్లి చూస్తే నిద్రపోయింది. లాప్‌టాప్‌లో ఓడలు దిగుతున్నాయి. చప్పుడుకి లేస్తుందేమోనని మూత వేసేశాను.

కిటికీ అవతల నుంచి ఆయన గొంతు. ఎవరినీ పిలవకుండా, గాల్లోకి అడిగినట్టు అడిగారు.

"అయిపోయిందాండీ?"

ఆవిడ మంచం పక్కన నిలబడి ఆ మాట విన్నాను. కిటికీకి రెండడుగుల్లో ఉన్నాను. జవాబు చెప్పలేదు. ప్రశ్న వినపడితే జవాబు చెప్పే నా వృత్తిరోగం ఆ ఒక్క రోజే నయమైంది. కొంచెంసేపటికి కుర్చీ జరిగిన చప్పుడు, చెప్పుల చప్పుడు.

ఇంకో ఆదివారం చూద్దామనుకున్నాం. ఇంకో ఆదివారం రాలేదు.

ఆవిడ పోయిన తరవాత జరగవలసినవన్నీ జరిగాయి. పెద్దకర్మ నాడు పుట్టింటి తరఫున బావగారు నాకు బట్టలు పెట్టాలి. తెల్లపంచె, కండువా నా చేతుల్లో పెట్టారు. ఆయన చేతులు నా చేతుల కింద ఒక్క క్షణం ఆగాయి. "కట్టుకోండి మాస్టారూ," అన్నారు. అందరూ ఉన్నారు. ఎవరూ లేకపోయినా అంతకంటే ఎక్కువ అనేవారు కాదేమో.

ఇంట్లో పొద్దున్నే నేనే కాఫీ కలుపుకుంటాను. గ్లాసు నా ముందు నేనే పెట్టుకుంటాను. లోకంలో నాకు శత్రువులు ఎవరూ లేకుండా పోయారు. అంత శాంతి ఎవరికీ వద్దు.

కౌలు గడువు తీరింది. చెరువు ఎండగట్టేశాం, వచ్చి గట్లు చూసుకోండని కౌలుదారు ఫోను చేస్తే పెదపాడు వెళ్లాను. ముసురు పట్టి ఉంది, రెండు రోజులుగా ఎండ లేదు. మా చెరువు ఖాళీగా, బురద తేలి ఉంది. గట్టు అవతల బావగారి చెరువులో నీళ్ల మీద ఏదో చినుకుల్లా కనపడింది. చినుకులు కావు. నోళ్లు. చెరువు నిండా చేపలు పైకి తేలి, నోళ్లు తెరిచి, గాలి మింగుతున్నాయి. కరెంటు లేక నీళ్లలోకి గాలి కొట్టే మిషన్లు ఆగిపోయాయి. ఆయన ఒక్కరే డీజిలు ఇంజను దగ్గర తాడు లాగుతూ ఉన్నారు. నన్ను చూశారు.

"మాస్టారూ! ఆ గొట్టం పట్టుకోండి! పైకెత్తి పట్టుకోండి!"

పట్టుకున్నాను. ఇంజను అందుకుంది. చెరువు నీళ్లే పైకి తోడి చెరువులోకే ఎత్తు నుంచి పోస్తే, పడుతూ పడుతూ గాలిని కలుపుకుంటాయి. అదెందుకు అలా జరుగుతుందో నేను వివరంగా చెప్పగలను. చెప్పలేదు. పెద్దకర్మకి ఆయన పెట్టిన పంచె మోకాళ్లదాకా బురద. భుజం పీకుతున్నా గొట్టం దించలేదు. చాలాసేపటికి నీళ్ల మీది నోళ్లు ఒక్కొక్కటే మూసుకుని కిందకి వెళ్లాయి.

అప్పుడు వాన పెద్దదైంది. గట్టు మీద ఉన్నది ఒకటే రేకుల షెడ్డు. అందులో మేత బస్తాలు రెండు, ఎదురెదురుగా. ఆయన ఒకదాని మీద కూర్చున్నారు, నేను ఒకదాని మీద కూర్చున్నాను. ఇద్దరికీ ఇంకా రొప్పు తగ్గలేదు.

జేబులోంచి ఫోను తీశాను. ఆవిడ ఫోను. అదే నా దగ్గర పెట్టుకుంటున్నాను. ఆయన దాన్ని గుర్తుపట్టారు. వెనకాల అట్ట మీద ఆవిడ అతికించిన పువ్వు ఉంది.

"అందులో ఉందాండీ ఆ సినిమా?"

"ఉందండి."

"చూడండి, పెడతారేమో."

మేతబస్తాలు దగ్గరికి జరుపుకున్నాం. ఫోను చిన్నది, చూసేవాళ్లు ఇద్దరు, తల పక్కన తల పెట్టక తప్పలేదు. ఇద్దరికీ చత్వారం, కళ్లజోడు నాదొక్కటే ఉంది. ముందు ఆయనకిచ్చాను, కాసేపయ్యాక తీసి నాకిచ్చారు. అలా మార్చుకుంటూ చూశాం. చెల్లెలు చెప్పినచోట్లన్నీ ఆయనకి గుర్తున్నాయి. "ఇదిగో దుప్పటి," అన్నారు. "ఇక్కడ మనిషికి నిద్ర పట్టదు," అన్నారు. నాకూ గుర్తున్నాయి. గీత చెరిగిపోయిన చోట ఇద్దరం ఒకేసారి ఫోను మీదికి వంగి తలలు కొట్టుకున్నాం.

ఓడలు దిగుతుండగా ఫోనులో చార్జింగు అయిపోయింది.

ఆ నల్లటి అద్దంలో ఇద్దరు ముసలివాళ్ల మొహాలు కనపడ్డాయి. ఆయన మొహం కొంచెం కొరమీనులాగే ఉందనిపించింది. నాది ఎలా ఉందో ఆయన్ని అడగాలి. వాన తగ్గింది. "వెళ్లొస్తానండి," అన్నాను. "మంచిదండి," అన్నారు.

ఆ సాయంత్రమే ఇంట్లో, ఆవిడ మంచం ఉండే చోట కుర్చీ వేసుకుని, జీవితంలో మొదటిసారి ఆ సినిమా ముగింపు చూశాను. శాస్త్రం అడ్డురాలేదు. వస్తే పొమ్మన్నాను. ఓడలవాళ్లు వచ్చి ఎవరివాణ్ణి వాళ్లు ఎక్కించుకుని పోతారు. మనిషి ఓడలో కావలసినంత గాలి ఉంటుంది. మెత్తటి పక్క ఉంటుంది. వాడికి నిద్ర పట్టదు. లేచి ఒక పీట తెచ్చి ఎదురుగా వేసుకుంటాడు. ఖాళీ పీట. దానికేసి ఊపిరి వదులుతాడు. వదిలి, ఆగుతాడు. అంతే, అయిపోతుంది.

ఊపిరి వదలడానికి శాస్త్రప్రకారం ఎదురుగా ఎవరూ ఉండక్కర్లేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడ ఈ ముగింపు నాకు ఎందుకు చెప్పలేదో, ఇద్దరం కలిసి చూడాలని ఎందుకు పట్టుబట్టిందో, నాకు ఆ కుర్చీలో కూర్చుంటేనే తెలిసింది. తను ఇంక ఎదురుగా ఉండదని మాకంటే ముందే తెలిసిన మనిషి, పీట ఖాళీగా ఉండకుండా ఏర్పాటు చేసి వెళదామనుకుంది. మేం చెయ్యనివ్వలేదు.

మర్నాడు ఫోను మోగింది.

"మాస్టారూ, చివరికేవైందండీ?"

చెప్పబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు నా నోట ఆవిడ మాట వచ్చింది.

"మీరు వచ్చి చూస్తే గదా!"

ఆయన గొంతు సవరించుకున్నారు.

"అది దాని మాటండీ."

"ఆవిడ మాటేనండి. షరతు కూడా ఆవిడదే. ఆదివారం మధ్యాహ్నం."

ఆదివారం చెప్పుల చప్పుడు వినపడింది. వరండాలో ఆగింది. ప్లాస్టిక్ కుర్చీ లాగిన చప్పుడు వినపడకముందే నేను గుమ్మంలోకి వెళ్లాను. ఆయన చేతిలో తడిసిన సంచీ, సంచీలో శీలావతి.

"రండి బావగారూ," అన్నాను.

ఎంత తేలికైన మాటో. ఏ బరువూ లేదు. ఎత్తితే లేచొచ్చింది. ఆ ఆదివారం కూడా ఇంతే తేలికగా ఉండి ఉంటుంది. నేను ఎత్తలేదంతే.

ఆయన గుమ్మం దాటి లోపలికొచ్చి, కిటికీ పక్క ఖాళీ చోటు చూసి, దాని పక్కగా కూర్చున్నారు. నేను ఆ చేపని కడిగి, కోసి, పులుసు పొయ్యి మీద పెట్టి వచ్చాను. సినిమా మొదట్నుంచీ పెట్టాను. పీట దగ్గరికొచ్చేసరికి నేను తెర చూడలేదు. ఆయన్నీ చూడలేదు. వరండాలో ఖాళీ కుర్చీ కేసి చూస్తూ కూర్చున్నాను. అయిపోయాక ఆయన లేచి పెరట్లో పంపు దగ్గరికి వెళ్లి, అవసరమైనదానికంటే ఎక్కువసేపు మొహం కడుక్కున్నారు.

భోజనానికి కూర్చున్నాం. అన్నం కాస్త మాడింది, పులుసులో ఉప్పు తక్కువైంది. గరిటెతో గిన్నె అడుగంటా వెతికి, తోక ముక్క పైకి తీసి, ఆయన కంచంలో వేశాను.

ఆయన దాన్ని వేలితో ఒకసారి తిరగేసి చూశారు.

"ముళ్లు తీశారా బావగారూ?"

"తియ్యలేదండీ," అన్నాను.